ఎర్ర మంట మీద పచ్చని కూర



రక్తం తక్కువగా ఉన్న గర్భిణీ స్త్రీని "ఆకుకూరలు తింటున్నారా అమ్మా?" అని అడిగితే "రోజూ తింటున్నాం సిస్టర్" అంటుంది. ఎలా వండుతున్నారని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కూరను ముందు తరిగి, తర్వాత కడిగి, గిన్నె నిండా నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తాలింపు వేస్తారు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగుతారు. ఈ తప్పు వారిది మాత్రమే కాదు. "ఆకుకూరలు తినండి" అని మేము ఏళ్ల తరబడి చెప్పాము గాని, ఎలా వండాలో చెప్పలేదు.

ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం, సి విటమిన్ నీళ్లలో కరిగిపోతాయి, ఎక్కువసేపు ఉడికితే నశిస్తాయి. ఫోలిక్ ఆమ్లం రక్తం తయారు కావడానికి, కడుపులోని బిడ్డ ఎదుగుదలకు అవసరం. ఆకుకూరల్లోని ఇనుము మన ఒంటికి అంత సులువుగా పట్టదు. సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది, చాయ్ తోడైతే పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ఇంట్లోనూ ఆలోచించవలసిన విషయమే.

ఆకుకూరను త్వరగా వండే పద్ధతి ఒకటి థాయిలాండ్ దేశంలో ఉంది. మన ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి హోటళ్లలో పనిచేసి వచ్చినవారిలో కొందరు దీన్ని చూసే ఉంటారు. దాని పేరు "పాడ్ పాక్ బుంగ్ ఫాయ్ డేంగ్". ఎర్రని మంట మీద వేయించిన తూటికూర అని అర్థం. బాగా కాగిన మూకుడులో ఎల్లిపాయ, మిరపకాయలు, సోయా ముద్ద, కూర వేసి రెండు మూడు నిమిషాల్లో దించేస్తారు. ఆకు పచ్చగా, కాడ కరకరలాడుతూ ఉంటుంది. నీళ్లు పారబోయరు.

తూటికూరే కావాలని లేదు. పాలకూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర, ఏదైనా సరే. సీసాల్లో అమ్మే సాసులు కూడా అవసరం లేదు.

కావలసినవి (నలుగురికి)

ఆకుకూర 300 గ్రాములు, ఎల్లిపాయ రెబ్బలు 6, పచ్చిమిరపకాయలు 2, నూనె 2 చిన్న చెంచాలు, వేయించి దంచిన పల్లీలు 2 పెద్ద చెంచాలు, చిటికెడు బెల్లం, తగినంత ఉప్పు, ఒక నిమ్మకాయ.

చేయు విధానం

1. కూరను తరగక ముందే మూడు నీళ్లలో కడిగి, నీరు ఓడ్చి, గుడ్డ మీద ఆరబెట్టాలి. తర్వాత కాడలు, ఆకులు వేరువేరుగా తరగాలి.

2. ఇనుప మూకుడు ఉంటే అదే వాడండి. కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. నూనె కాగాక దంచిన ఎల్లిపాయ, చీల్చిన మిరపకాయలు వేసి కొద్దిసేపు వేగనివ్వాలి. ఎల్లిపాయ మాడకూడదు.

3. పెద్ద మంట మీద ముందు కాడలు వేసి ఒక నిమిషం తిప్పాలి. తర్వాత ఆకులు, ఉప్పు, బెల్లం వేసి మరో నిమిషం, రెండు నిమిషాలు తిప్పాలి. ముదురు తోటకూర కాడలకు ఇంకొంచెం సేపు పడుతుంది. మూత పెట్టవద్దు.

4. పొయ్యి మీద నుండి దించి వేరే గిన్నెలోకి తీసుకోవాలి. అప్పుడే నిమ్మరసం పిండి, పల్లీలు చల్లాలి. నిమ్మరసం మంట మీద వేస్తే అందులోని సి విటమిన్ కొంత పోతుంది.

ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుగూ కలిసిన రుచి ఇది. ఉగాది పచ్చడి తినే మనకు కొత్త కాదు. జొన్నరొట్టెతో గాని అన్నంతో గాని వేడిగా తినండి. చాయ్ కనీసం ఒక గంట తర్వాతే తాగండి.

జాగ్రత్తలు

తడి ఆకు కాగిన నూనెలో పడితే నూనె చిట్లుతుంది. నైలాన్ చీర కొంగు నడుముకు చెక్కుకోండి. పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకండి.

మురికి కాలువల్లో పెరిగిన తూటికూర కోయవద్దు. నీటిమొక్కల మీద పరాన్నజీవులు ఉంటాయి కాబట్టి పచ్చిగా అసలే తినరాదు. చెరువు గట్ల మీద గులాబీ రంగు గరాటు పూలు పూసే లొట్టపీసు చెట్టు తూటికూరకు చుట్టమే గాని విషపూరితం. మేకలు తింటేనే నరాలు దెబ్బతింటాయి. పోల్చుకోలేని ఆకును వండవద్దు.

బి.పి. ఉన్నవారు సోయా సాస్ వేయకండి. ఒక పెద్ద చెంచాలోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోయమని డాక్టరుగారు చెప్పి ఉంటే, అలాగే చేయండి. గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచరాదు, మానరాదు.

చివరిగా ఒక మాట. కూర మాత్రకు బదులు కాదు. గర్భిణీకి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. ప్రభుత్వం ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు 180 రోజులు తప్పక వాడాలి. మలం నల్లగా వస్తోందని భయపడి మానేయకండి, అది మాత్ర వల్లనే. ఆయాసం, కాళ్ల వాపు, గుండె దడ ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

ఈ వారం ఒక పూట ఇలా వండి చూడండి. ఇంట్లో అందరికీ వడ్డించి, మిగిలితే తాను తినే ఇల్లాలి పళ్లెంలో ముందుగా ఈ కూర పడాలని మా కోరిక.