నిన్నటి 24 గంటలు ఎక్కడికి పోయాయి?

నిన్న పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఏమేం చేశారో చెప్పగలరా? "బడికి వెళ్లాను, చదువుకున్నాను, ఆడుకున్నాను" అంటారు. ఎన్ని నిమిషాలు చదివారు? ఎన్ని నిమిషాలు ఆడారు? తడబడుతున్నారు కదూ! మరి ఒక దేశ ప్రజలందరి కాలాన్నీ లెక్క కట్టాలంటే?

దానికీ ఒక పద్ధతి ఉంది. దాన్ని 'కాల వినియోగ సర్వే' అంటారు. మన ప్రభుత్వం 1998 జులై నుంచి 1999 జూన్ వరకు ఆరు రాష్ట్రాల్లో ఇలాంటి సర్వే జరిపింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. 2019లో దేశవ్యాప్తంగా 1,38,799 కుటుంబాల్లో ఆరేళ్లు నిండిన 4,47,250 మంది దినచర్యను సేకరించారు. 2024లో మళ్లీ ఈ సర్వే జరిగింది.

తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు రోజును అరగంట ముక్కలుగా కోశారు. మొత్తం 48 ముక్కలు! ఏ ముక్కలో ఏ పని చేశారో అడిగి, ప్రతి పనికీ మూడంకెల సంకేతం వేశారు. వంటకు 311, నీళ్లు తేవడానికి 242, పిల్లల ఆలనాపాలనకు 411. మొదటి అంకె ఆ పని ఏ విభాగానికి చెందిందో చెబుతుంది. ఇలాంటి విభాగాలు తొమ్మిది.

మనకు కావలసిన చలరాశి

మనిషికీ మనిషికీ మారే రాశిని గణాంక శాస్త్రంలో చలరాశి అంటారు. 'ఇంటి చాకిరీకి పట్టే సమయం' కూడా చలరాశే. అయితే అది పట్టికలో వండి వడ్డించినట్టు ఉండదు. అక్షరాలు కూర్చి మాటలు రాసినట్టే, సంకేతాలు కూర్చి దాన్ని మనమే తయారుచేసుకోవాలి.

పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. పొద్దున అరగంట నీళ్లు మోసింది. ఒక గంట వంట చేసింది. సాయంత్రం ఒక గంట తమ్ముడికి స్నానం చేయించి అన్నం పెట్టింది. ఆమె ఇంటి చాకిరీ ఎంత?

'ఇంటి పనులు' అన్న మూడో విభాగాన్నే తీసుకుంటే 60 నిమిషాలు. ఎందుకంటే నీళ్లు తేవడం రెండో విభాగంలోనూ, పిల్లల పెంపకం నాలుగో విభాగంలోనూ ఉన్నాయి. మూడూ కలిపితే 150 నిమిషాలు! అమ్మాయి అదే, రోజూ అదే. మారింది మన చలరాశి మాత్రమే. కాబట్టి ఏయే సంకేతాలు కలిపామో ముందే చెప్పడం శాస్త్ర మర్యాద.

ఎందరితో భాగించాలి?

ఇంకొక చిక్కు కూడా ఉంది. 2019 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసిన ఆడవారికి అందులో రోజుకు సగటున 299 నిమిషాలు పట్టింది. మగవారికి 97 నిమిషాలు. తేడా మూడు రెట్లే కదా అనిపిస్తుంది.

ఆగండి! ఈ సగటు ఆ రోజు ఇంటి పని చేసినవారిది మాత్రమే. ఆడవారిలో నూటికి 81.2 మంది ఆ పని చేశారు. మగవారిలో 26.1 మందే చేశారు. చేయనివారికి సున్నా వేసి అందరినీ లెక్కలోకి తీసుకోండి. 299ని 0.812తో గుణిస్తే సుమారు 243 నిమిషాలు. 97ని 0.261తో గుణిస్తే సుమారు 25 నిమిషాలు. అంటే తేడా దాదాపు పది రెట్లు!

రెండు లెక్కలూ నిజమే. పని చేసేవారికి ఎంత సమయం పడుతుందో మొదటిది చెబుతుంది. పని భారం ఎవరి మీద ఎంత పడుతుందో రెండోది చెబుతుంది. మన ప్రశ్న ఏదో తెలియకపోతే జవాబు తప్పుదారి పట్టిస్తుంది.

మీరూ చేసి చూడండి

ఒక కాగితం మీద 48 గళ్లు గీయండి. మీ ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం. ఒక రోజంతా పనులు రాయండి. ఒకే అరగంటలో రెండు పనులు జరిగితే రెండూ రాయండి. అమ్మ పప్పు కలియబెడుతూనే చెల్లికి ఎక్కాలు చెబుతుంది కదా! తర్వాత 'విశ్రాంతి' అనే చలరాశిని కట్టండి. అందులో ఏయే పనులు చేర్చాలో ముందే నిర్ణయించుకోండి సుమా!

ఆ లెక్క పూర్తయ్యాక ఎవరి గళ్లు ఎన్ని నిండాయో చూడండి. తక్కువ నిండినవారి పనిలో ఒక్క అరగంట మీరు పంచుకోగలరేమో ఆలోచించండి.