ఎవరును లేని చోట మాటలు వినబడినపుడు

18 మొదలు 25 ఏండ్ల వయసు. కాలేజీలో చదువుచున్నవాడు కావచ్చును. వానలు లేక బెంగళూరు కూలికి పోయి తిరిగి వచ్చినవాడు కావచ్చును. కొన్ని నెలలుగా మనిషి మారిపోవుచుండును. రాత్రి నిదుర లేదు, స్నానము లేదు. స్నేహితులను తప్పించుకొని తిరుగును. ఇరుగుపొరుగువారు తనను గూర్చియే గుసగుసలాడుచున్నారనును. అన్నములో ఏదియో కలిపినారని కంచము తోసివేయును. తుదకు ఎవరును లేని మూలవైపు చూచి బదులు చెప్పును.

ఇంటివారు మొదట పొగరనుకొందురు, పిదప గాలి సోకినదందురు. తాయెత్తులు, భూతవైద్యులు, మ్రొక్కుబడులు. ఒక పంట డబ్బు అట్లే కరగిపోవును. దేవుని మ్రొక్కుటను మేము కాదనుట లేదు. వైద్యుని వద్దకు పోక గడచు కాలమే అసలు నష్టము. చికిత్స ఎంత త్వరగా మొదలైన, రోగి తన చదువును, పనిని తిరిగి అందుకొనుటకు అంత అవకాశమున్నది.

ఇది మెదడుకు వచ్చు జబ్బు. వైద్యులు దీనిని సైకోసిస్ అందురు. దీర్ఘకాలము నిలిచిన రూపములలో ముఖ్యమైనది స్కిజోఫ్రీనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఇది సుమారు 300 మందిలో ఒకరికి కలదు. మన తలపులు మనవేయని మెదడు సహజముగా గుర్తించును. ఆ గుర్తింపు తప్పినపుడు సొంత తలపే పరాయి గొంతుకగా వినబడునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. డోపమీన్ అను రసాయనపు పనిలో కలుగు మార్పునకును దీనికిని సంబంధము గలదు. రోగి నటించుట లేదు. వానికి ఆ గొంతుక నిజముగనే వినబడుచున్నది. వంశములో ఈ జబ్బున్నచో వచ్చు అవకాశము హెచ్చు. గంజాయి దానిని మరింత పెంచును. తల్లి పెంపకము దీనికి కారణము కాదు.

అట్లని ప్రతి వింతయు జబ్బు కాదు. తండ్రి పోయిన కొన్నాళ్ళకు ఆయన పిలిచినట్లు తోచుటయు, జాతరలో పూనకము వచ్చి పోవుటయు వేరు. జ్వరముతోనో, తలకు దెబ్బ తగిలిన పిదపనో, సారాయి హఠాత్తుగా మానిన రెండు మూడు దినములకో మతి చలించి ఏవేవో కనబడినచో మాత్రము అది అత్యవసరము. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను.

పెండ్లి చేసిన కుదురునను మాట మన పల్లెలలో మిక్కిలి ప్రబలినది. ఇంతకంటె హానికరమైన సలహా మరొకటి మాకు తోచదు. జబ్బు దాచి చేసిన పెండ్లివలన రోగి కుదురుకొనడు. మరియొక ఇంటి బిడ్డ కూడ కష్టపడును.

1952లో క్లోర్‌ప్రోమజీన్ అను మందు వాడుకలోనికి వచ్చిన పిదప ఈ రోగులు ఇంటనే ఉండి బాగుపడుట సాధ్యమైనది. ఇది పట్టణములకే గాక పల్లెలకును చెల్లునని చూపినది మన పొరుగుననున్న బళ్ళారి. 1882 వరకు అనంతపురము ఆ జిల్లాలోనిదే గదా! బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు 1985 ప్రాంతమున అచ్చటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ నిచ్చి, మందులు ఊరికి దగ్గరగా అందునట్లు చేసిరి. దానినే మాదిరిగా గైకొని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున నాలుగు జిల్లాలలో మొదలైనది.

మందు గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. మగత, చేతుల వణకు, బరువు పెరుగుట కలిగినచో వైద్యునితో చెప్పవలెను; ఆయన మోతాదు మార్చును. నెమ్మదించినదని బిళ్ళలు మానుటవలననే జబ్బు పలుమారు తిరుగబెట్టుచున్నది. బస్సు ఖర్చునకు, పోవు దినకూలికి వెనుకాడి కరవు నెలలలో మానువారును కలరు. అట్టివారు దగ్గరి ఆరోగ్య కేంద్రముననే మందు దొరకు మార్గమును వైద్యుని అడుగవలెను.

ఇంటివారు రోగితో వాదింపరాదు, ఔననియు అనరాదు. "నాకు వినబడలేదు, నీకు వినబడుచున్నదని నమ్ముచున్నాను, భయపడకుము" అనిన చాలును. చావును గూర్చిన మాట వచ్చినచో ఒంటరిగా విడువక, పురుగుమందు డబ్బాలను ఇంటినుండి తొలగించి, ఆ దినమే వైద్యునికి చూపవలెను. కొట్టుటయు, కట్టివేయుటయు కూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడియున్న రోగులు తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. రోగిని గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

ముందు ఆశా కార్యకర్తతోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితోనో చెప్పవచ్చును. అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగము కలదు. హిందూపురము, మడకశిర వైపువారికి నిమ్‌హాన్స్ కూడ అందుబాటు దూరమే. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 అను నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును. పోవునపుడు మార్పు ఏ నెలలో మొదలైనది, నిదుర ఎట్లున్నది, గంజాయి, సారాయి అలవాటున్నదా, వంశములో ఎవరికైన ఇట్లున్నదా అను సంగతులను ఒక కాగితముపై వ్రాసికొని పోవలెను. వైద్యుడు మొదట అడుగునవి ఇవియే.