శునకాల స్నానానికి సురక్షిత ఉత్పత్తుల ఎంపిక

గ్రామాలలో కాపలా కుక్కకు గోమార్లు పట్టినప్పుడు పశువుల కోసం తెచ్చిన మందునో, పైరుకు కొట్టగా మిగిలిన పురుగుమందునో నీటిలో కలిపి ఒళ్ళంతా పోయడం కద్దు. బట్టల సబ్బు, మనుషుల షాంపూల వాడకం మరీ సాధారణం. ఈ అలవాట్లలో కొన్ని చర్మవ్యాధులకు, మరికొన్ని ప్రాణాపాయానికి దారితీస్తాయి.

చర్మ స్వభావం

మనిషి బాహ్యచర్మంలో 10 నుండి 15 వరుసల కణాలుండగా, కుక్కలో 3 నుండి 5 వరుసలే ఉంటాయి. మనిషి చర్మపు ఉదజని సూచిక సుమారు 5.5 కాగా, కుక్క చర్మానిది తటస్థ స్థితికి దగ్గరగా ఉంటుంది. బట్టల సబ్బు ఉదజని సూచిక 9 నుండి 10 వరకు ఉండటం వలన చర్మంపైని రక్షక తైలపు పొర తొలగిపోతుంది. చర్మం పొడిబారి దురద పుడుతుంది. కుక్క గీరుకున్న చోట బాక్టీరియా, మలసీజియా శిలీంధ్రం వృద్ధి చెందుతాయి.

ఎంపిక

ఆరోగ్యవంతమైన కుక్కకు, కుక్కల కోసమే తయారైన, ఘాటైన పరిమళాలు లేని షాంపూ చాలును. బాక్టీరియా సోకినప్పుడు 2 నుండి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్, శిలీంధ్రానికి 2 శాతం మైకోనజోల్ కలిగిన షాంపూలను పశువైద్యులు సూచిస్తారు. నురుగును 10 నిమిషాలు ఉంచి కడిగినప్పుడే మందు పనిచేస్తుంది. షాంపూ కళ్ళలో పడకుండా చూడాలి.

నివారించవలసినవి

ఫినాయిల్, కిరోసిన్, టీట్రీ నూనె వాడరాదు. కుక్క ఒళ్ళు నాకడం వలన ఇవి కడుపులోకి కూడా చేరతాయి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల వలన చొంగ కారడం, వణుకు, మూర్ఛలు కలుగుతాయి. 12.5 శాతం అమిట్రాజ్ ద్రావణాన్ని లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపితే 0.025 శాతం అవుతుంది. దీనిని పశువైద్యుని సలహా మేరకే వాడాలి. లేత పిల్లలకు, మధుమేహం ఉన్న కుక్కలకు వాడరాదు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ పిల్లులకు విషం కనుక, పిల్లి ఉన్న ఇంట మరింత జాగ్రత్త అవసరం.

విషలక్షణాలు కనిపిస్తే చేతి తొడుగులు ధరించి, కుక్కను గోరువెచ్చని నీటితో బాగా కడిగి, మందు సీసాతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. సీసా మీది పేరును బట్టి చికిత్స మారుతుంది.

జులై 6న ప్రపంచ జూనోసిస్ దినోత్సవం సందర్భంగా జరిగే రేబిస్ టీకా శిబిరాలకు యజమానులు కుక్కలతో వస్తారు. టీకా వేసే సమయంలోనే స్నానానికి ఏమి వాడుతున్నారని విస్తరణ సిబ్బంది అడిగి తెలుసుకుంటే, ఇటువంటి ప్రమాదాలలో చాలా వాటిని ముందే నివారించవచ్చును.