సోఫాని వెనక్కి తిప్పి చూడండి

పోయిన దీపావళికి మా ఇంటికి చుట్టాలొచ్చారు. హాల్లో సోఫా మీద కూర్చున్న మా మేనత్త లేచి నిలబడేసరికి ఆమె క్రీమ్ కలర్ పట్టుచీర వెనకంతా గోధుమరంగు పొట్టు అంటుకుని ఉంది. అత్త ఏమీ అనలేదు, నవ్వుతూ దులుపుకుంది. మా అమ్మ మొహం మాత్రం చిన్నబోయింది. ఆ సోఫా కొని అప్పటికి మూడేళ్లే. ఆ రోజు నుంచి దాని మీద ఒక పాత దుప్పటి పరిచే ఉంది.

అది మామూలు సోఫా కాదు, అమ్మ ఎన్నాళ్లగానో అనుకుని కొనిపించుకున్న సోఫా. మీరూ చూసే ఉంటారు. పాత సినిమాల్లో జమీందారు బంగళాలో, లాయరు గారి ఆఫీసులో ఉంటుంది. వీపు, చేతులు ఒకే ఎత్తులో ఉండి బయటికి చుట్ట తిరిగి ఉంటాయి. వీపంతా వరసగా గుండీలు, గుండీల మధ్య డైమండ్ ఆకారంలో మడతలు. దీన్ని చెస్టర్‌ఫీల్డ్ సోఫా అంటారు. లెదర్ సోఫా కొన్నామనే మేమంతా అనుకున్నాం. పొట్టు రాలాక నాన్న బీరువాలోంచి బిల్లు తీసి చూస్తే అందులో ‘లెదరెట్’ అని ఉంది. చివర్లో ఉన్న ఆ ‘ఎట్’ని మాలో ఎవరూ పట్టించుకోలేదు. లెదరెట్ అంటే లెదర్ కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. అమ్మినతను మాతో తమిళంలో ‘తోల్ మాదిరియే ఇరుక్కుం’ అన్నాడు. మా ఇంట్లో తమిళం, తెలుగు రెండూ నడుస్తాయి. తోల్ అన్నా తోలు అన్నా ఒకటే. ‘మాదిరి’ అన్న మాట కూడా రెండు భాషల్లోనూ ఉంది. అతను అబద్ధం చెప్పలేదు, తోలు లాగే ఉంటుందన్నాడు. మేం తోలు వరకే విన్నాం, మాదిరిని వదిలేశాం. ఇంక ఎవరి మీద కంప్లైంట్ ఇస్తాం?

ఇప్పుడు మళ్లీ సోఫా కొనాలి. ఈసారి ముందు అన్నీ తెలుసుకోమని నాన్న ఆ పని నాకు అప్పగించారు. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మనకెందుకు సోఫా గొడవ అనుకోకండి. రేపు మన ఇళ్లల్లో బిల్లు చదవాల్సింది మనమే.

గుండీలు అందానికేనా?

సోఫా అన్న మాట అరబ్బీలోని ‘సుఫ్ఫా’ నుంచి పుట్టి, టర్కీ, ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. చెస్టర్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండులో ఒక ప్రభువు బిరుదు. 18వ శతాబ్దంలో ఆ బిరుదున్న ఫిలిప్ స్టాన్‌హోప్, బట్టలు నలగకుండా నిటారుగా కూర్చునేలా మొదటిది చేయించాడని కథ ఒకటి చెప్తారు. దానికి గట్టి ఆధారమైతే లేదు. ఈ రకం సోఫాలు బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో.

గుండీల వెనక అసలు కారణం వేరే ఉంది. అప్పట్లో ఫోమ్ లేదు. గుర్రపు వెంట్రుకల్లాంటివి లోపల కూరేవాళ్లు. మన దూది పరుపులో దూది ఒక పక్కకి పోయినట్టు అదీ జారిపోయేది. పరుపు కుట్టేవాళ్లు అక్కడక్కడా దారంతో టాకా వేసి బిగిస్తారు కదా, ఇదీ అదే పని. దారాన్ని లోపలికంటా లాగి వెనక ముడేస్తారు, ముందు కనిపించే చోట గుండీ పెడతారు. అంటే ఆ గుండీ మొదట పనికోసం వచ్చింది, అందం తరవాత చేరింది.

ఇప్పుడు ఫోమ్ జారదు కాబట్టి కొన్ని సోఫాల్లో గుండీని పైపైన అద్ది వదిలేస్తున్నారు. మడత లోతుగా ఉండదు, కొన్నాళ్లకి గుండీ ఊడి చేతికొస్తుంది. నిజమైన లోతు గుండీ పనిలో ప్రతి మడతనీ చేత్తో సర్దాలి. మడతల్లోకి పోయేది ఉంటుంది కాబట్టి తోలు కూడా మామూలు సోఫా కన్నా ఎక్కువ పడుతుంది. ఈ సోఫా ఖరీదు ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. మరీ చవకగా ఇస్తున్నారంటే తోలులోనో, గుండీల పనిలోనో, లోపలి చెక్కలోనో ఎక్కడో తగ్గించారని అనుమానించాలి.

తోలులో ఎన్ని రకాలు

సోఫాకి ఎక్కువగా ఆవు, ఎద్దు, గేదె తోళ్లు వాడతారు, ఎందుకంటే పెద్ద ముక్కలు కావాలి. ఆ తోలు మందంగా ఉంటుంది కాబట్టి మిషన్ మీద పొరలుగా చీలుస్తారు. పైపొర గట్టిది. దాన్ని అరగదీయకుండా ఉన్నదున్నట్టు వాడితే ‘ఫుల్ గ్రెయిన్’. పశువు ఒంటి మీది గీతలు, దోమకాటు మచ్చలు కూడా కనిపిస్తాయి. అవి లోపాలు కావు, అసలు తోలని చెప్పే గుర్తులు. మచ్చలు పోయేలా పైన అరగదీసి, అచ్చుతో గీతలు వేసి రంగు పూస్తే ‘కరెక్టెడ్ గ్రెయిన్’. కింది పొర ‘స్ప్లిట్’. అదీ తోలే కానీ పైపొరంత బలం ఉండదు.

ఆ తరవాతది ‘బాండెడ్ లెదర్’. తోలు తుక్కుని పొడిచేసి, జిగురుతో కలిపి గుడ్డ మీద పరిచి పైన ప్లాస్టిక్ పూత వేస్తారు. పేరులో లెదర్ ఉంటుంది, మన్నిక ఉండదు. చివరిది మన లెదరెట్. మన ఇళ్లల్లో దీన్నే రెక్సిన్ అంటారు. నిజానికి రెక్సిన్ అనేది బ్రిటన్‌లో ఒక కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు, అదే వస్తువు పేరైపోయింది. ఇందులో పి.యు. అనే పాలీయురిథేన్ పూత ఉన్న రకానికి తేమ పడదు. గాలిలోని తేమ, మన ఒంటి చెమట కలిసి ఆ పూతని లోపలి నుంచి విరిచేస్తాయి. చెన్నై లాంటి సముద్రం పక్క ఊళ్లల్లో పొట్టు తొందరగా రాలడానికి కారణం ఇదే. అమ్మ సరిగ్గా తుడవలేదని కాదు. ఇది తెలిశాక అమ్మ కొంచెం తేలికపడింది.

రంగు వేసే పద్ధతిని కూడా అడగాలి. ‘ఎనిలిన్’ రకంలో రంగు తోలులోకి ఇంకుతుంది, పైన పూత దాదాపు ఉండదు. చేతికి మెత్తగా ఉంటుంది కానీ కాఫీ ఒలికితే మరక అలాగే ఉండిపోతుంది. ‘పిగ్మెంటెడ్’ రకంలో పైన పలచటి రక్షణ పూత ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉండి రోజూ వాడే ఇంటికి ఇదే మేలు.

తోలు సంగతి మనకి కొత్తేం కాదు. వెనకటికి మన వైపు తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవాళ్లు. బతుకమ్మలో పేర్చే పచ్చటి తంగేడుపూల చెట్టే అది. ఇక్కడ అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకి చాలా ఏళ్లు డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ గారు మన తెలుగువారే, గుంటూరు జిల్లాలో పుట్టారు. 1985 జూన్‌లో కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో చనిపోయారు. ఆ సంస్థ ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో, ఈ సోఫా పుణ్యాన ఇప్పుడు ఆయన గురించి చదివాను.

షాపులో ఏం చూడాలి

1. కుషన్‌కి జిప్ ఉంటే తీసి లోపలి వైపు చూడండి. తోలైతే వెనక నూగులా, పీచుపీచుగా ఉంటుంది. గుడ్డ నేత కనిపిస్తే అది రెక్సినో బాండెడో. కూర్చునే చోట తోలు వేసి పక్కలకీ వెనకకీ రెక్సిన్ వేసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి అన్ని వైపులా చూడాలి.

2. వాసనని నమ్మకండి, తోలు వాసన స్ప్రే కూడా కొట్టొచ్చు. నీటిచుక్క పరీక్ష కూడా తేల్చి చెప్పదు. పూత ఉన్న అసలు తోలు కూడా నీటిని వెంటనే పీల్చదు.

3. ముందు కాలు ఒకదాన్ని ఒక జానెడు ఎత్తండి. రెండో ముందు కాలు కూడా వెంటనే లేవాలి. అది నేల మీదే ఉండి సోఫా మెలి తిరిగితే లోపలి ఫ్రేమ్ బలహీనం. లోపల ఏ చెక్క, కింద స్ప్రింగులా వట్టి బెల్టులా అని అడగండి.

4. ఫోమ్ డెన్సిటీ ఎంతో అడగండి. 32 అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోల బరువని అర్థం. రోజూ కూర్చునే సీటుకి 32కి తగ్గకూడదు, 40 ఉంటే ఇంకా మంచిది. డెన్సిటీ వేరు, గట్టితనం వేరు. మెత్తగా ఉండి కూడా డెన్సిటీ ఎక్కువ ఉండొచ్చు.

5. గుండీని మెల్లగా లాగి చూడండి. కదలకుండా లోపలికి బిగిసి ఉండాలి.

6. చెప్పినవన్నీ బిల్లులో రాయించండి. ‘లెదర్ సోఫా’ అని కాదు, ఏ రకం లెదర్, ఎక్కడెక్కడ అని. రాసి ఇవ్వడానికి వెనకాడితే మనకి జవాబు దొరికినట్టే.

మన ఇంటికి సరిపోతుందా?

వస్తువు మంచిదే అయినా మనకి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. చెస్టర్‌ఫీల్డ్ వీపు పొట్టిది, భుజాల కిందే ఆగిపోతుంది. తల ఆనించి టీవీ చూసేవాళ్లకి మెడ నొప్పి పుడుతుంది. ఒక లాభమూ ఉంది. తలకి రాసుకున్న కొబ్బరినూనె సోఫాకి అంటదు, ఆ నూనె తోలు పూతని చాలా పాడుచేస్తుంది. చేతులు లావుగా ఉంటాయి కాబట్టి బయటికి ఏడడుగులున్నా కూర్చోవడానికి అయిదు, అయిదున్నర అడుగులే మిగులుతుంది. మధ్యాహ్నం నడుం వాల్చుదామంటే ఆ ఎత్తు చేయి తలగడగా పనికిరాదు. కొనేముందు గది కొలత ఒక్కటే కాదు, గుమ్మం, మెట్ల మలుపు కూడా కొలవాలి.

మా అవ్వకి మోకాళ్ల నొప్పులు. సీటు లోతుగా, కిందికి ఉంటే కూర్చోవడం సులువే కానీ లేవడం కష్టం. నేల నుంచి సీటు 17, 18 అంగుళాల ఎత్తుండి, లోతు 22 అంగుళాలు దాటకపోతే అవ్వ చేయి పట్టుకోకుండా లేవగలుగుతుంది. ఇది కాగితం మీద తేలదు, ఆమెని షాపుకి తీసుకెళ్లి కూర్చోబెట్టాలి.

గుండీలు సీటు మీద కూడా ఉంటే ఆ గుంటల్లో మురుకుల ముక్కలు, వెంట్రుకలు, దుమ్ము చేరతాయి. అందుకని రోజువారీ వాడకానికి వీపుకీ చేతులకీ గుండీలు, సీటు మాత్రం తీసి తిప్పుకునే సాదా కుషన్లు ఉన్న రకం మంచిది. చూడటానికి ఆ పాత అందం పోదు, ఊడ్చేవాళ్ల నడుమూ నిలుస్తుంది.

కొన్నాక పెద్ద పనేం లేదు. పొడిబట్టతో తుడవాలి, మడతల్లోకి మెత్తటి బ్రష్ పెట్టాలి. స్పిరిట్, డెటాల్, సబ్బు, కొబ్బరినూనె వద్దు. ఏడాదికి ఒకటి రెండుసార్లు లెదర్ కండిషనర్ రాస్తే చాలు. ఎండ నేరుగా పడకూడదు. వానాకాలం బూజు పట్టకుండా గోడకి బెత్తెడు దూరంగా వేయాలి.

ఇంకో లెక్క

తోలు కొనేటప్పుడు పాలారు నదిని కూడా తలుచుకోవాలి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట వైపు తోళ్ల ఫ్యాక్టరీల మురుగు ఆ నదినీ బావుల్నీ ఉప్పుచేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ కేసులోనే, కలుషితం చేసినవాళ్లే మూల్యం కట్టాలన్న సూత్రం మన చట్టంలో భాగమని తీర్పిచ్చింది. అలాగని ప్లాస్టిక్ తోలు పుణ్యం చేసుకోలేదు. మూడేళ్లకి పొట్టుగా రాలి చెత్తకుప్పలో ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. నమ్మకం కొద్దీ తోలు వద్దనుకునేవాళ్లూ ఉంటారు, వాళ్లకి ఇదే ఆకారంలో మందపాటి కాటన్ గుడ్డ సోఫాలున్నాయి. నాకనిపించింది ఒక్కటే: తోలు కొంటే పదిహేనేళ్లు వాడేలా కొనాలి, లేదంటే కొనకూడదు.

మా ఇంట్లో చివరికి తేలింది ఏంటంటే, ముగ్గురు కూర్చునే పెద్దది మా డబ్బుకి అందదు. ఇద్దరు కూర్చునే చిన్నది, అసలు తోలుది, సీటు సాదాగా ఉన్నది చూస్తున్నాం. అవ్వ తన చెక్క కుర్చీనే ఉంచుకుంటానంది. పోయిన ఆదివారం ఒక షాపులో అమ్మ నేరుగా కుషన్ జిప్ తీసి లోపలికి చూసింది. అక్కడి కుర్రాడు “ఏం మేడమ్, ఏమైనా పడిపోయిందా?” అని కంగారుపడ్డాడు.

అమ్మ తల కూడా ఎత్తకుండా అడిగింది: “ఇది తోలా తమ్ముడూ, తోలు మాదిరా?”