మీకు తెలుసా? ఆగిన బండిలో జాగిలం

మే నెలలో ఆదిలాబాద్, కరీంనగర్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆ ఎండలోనే సభాస్థలిలో బాంబుల తనిఖీకి, గంజాయి సోదాలకు పోలీసు జాగిలాలు దిగుతాయి. మధ్యలో వాటిని ఏసీ ఆపిన బండిలో వదిలితే ప్రాణగండమే.

ఎండలో ఆపి తలుపులు మూసిన కారులో గంటకల్లా వేడి సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందని 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యుల పరిశోధన తేల్చింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే! అద్దం కాస్త దించినా పెద్దగా లాభం లేదు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల్లో కొద్దిగా పడుతుంది, అంతే. నాలుక చాచి రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. చుట్టూ గాలే కాగిపోతే ఆ దారీ మూసుకుపోతుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ: చిగుళ్లు ఎర్రబారతాయి, చిక్కటి చొంగ కారుతుంది, కాళ్లు తూలతాయి.

కొన్ని దేశాల్లో పోలీసు జాగిలాల బండ్లకు అలారం ఉంటుంది. లోపల వేడి హద్దు దాటగానే హ్యాండ్లర్‌కు కబురు వెళుతుంది, అద్దాలు దిగుతాయి, ఫ్యాన్ తిరుగుతుంది. మన ఉత్తర తెలంగాణ ఎండలకు ఇది తప్పనిసరి.

ఎండలో ఆపిన ఏ బండిలోనైనా కుక్క అదేపనిగా రొప్పుతూ కనిపిస్తే వెంటనే డ్రైవర్‌ను పిలవండి. బయటికి తీశాక నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.