కాల్ వచ్చేలోపు కసరత్తు

అగ్నిమాపక శాఖలో చేరాలంటే ముందు ఒళ్లు వంచాలి. 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి ఇచ్చిన ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఎంపికయ్యాక వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో పీటీ, హోస్ డ్రిల్, లాడర్ డ్రిల్. ఆ తర్వాత గజ్వేల్ లాంటి పట్టణానికి పోస్టింగ్ వస్తుంది. శిక్షణలో కుదిరిన ఒళ్లు పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుందా అన్నది ఆ మనిషి పట్టుదల మీద కంటే స్టేషన్ నడిచే తీరు మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

పని బరువు చూస్తే ఈ సంగతి ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 63 మిల్లీమీటర్ల వ్యాసమున్న 15 మీటర్ల హోస్ పైపు నిండితే అందులోని నీళ్లే దాదాపు 47 కిలోలు. పొగలోకి వెళ్లేవారి వీపున గాలి సిలిండర్ కూడా ఉంటుంది. అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న మనిషి గంట మోగగానే లేచి ఈ బరువులు లాగాలి. గుండెకు అసలు పరీక్ష అదే. అమెరికాలో జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. అక్కడ విధి నిర్వహణలో చనిపోయిన అగ్నిమాపక సిబ్బందిలో సుమారు 45 శాతం మందిని బలిగొన్నది గుండె జబ్బే. మంటలార్పే పని వాళ్ల డ్యూటీలో 1 నుంచి 5 శాతం సమయమే. గుండె జబ్బు మరణాల్లో 32 శాతం మాత్రం ఆ పనికి సంబంధించినవే.

వ్యాయామానికి మొదటి అడ్డంకి డ్యూటీ వేళలే. కాల్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఒళ్లు అలిసేలా కసరత్తు చేయడానికి సిబ్బంది జంకుతారు. చెమటతో తడిసి రొప్పుతున్నప్పుడే ఫైరింజన్ ఎక్కాల్సి వస్తే ఎలా? ఈ భయం సబబే. అందుకే కసరత్తు డ్యూటీ మొదట్లో, మితంగా ఉండాలి. రాత్రంతా కాల్స్ తిరిగి వచ్చినవాళ్లకు పొద్దున పరేడ్ కంటే నిద్రే మేలు.

గజ్వేల్ ప్రాంతంలో దీనికి ఎండాకాలం తోడవుతుంది. యాసంగి వరి కోతలయ్యాక గడ్డివాములు అంటుకుంటాయి, కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు పక్క చేనుకు పాకుతుంది. పత్తి నిల్వల్లో రాజుకున్న నిప్పు పైకి ఆరినట్టే కనబడి లోపల రగులుతుంటుంది, దాన్ని గంటల తరబడి తవ్వి తడపాలి. ప్రజ్ఞాపూర్ మీదుగా పోయే రాజీవ్ రహదారి మీద ప్రమాదాలు సరేసరి. 2020లో కొండపోచమ్మ సాగర్ జలాశయం నిండాక ఈ ప్రాంతానికి నీటి ప్రమాదాల భయం కూడా చేరింది. ఇక పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాల్స్ పెరిగి, వ్యాయామం తగ్గి, ఒంట్లో నీరు ఇంకిపోయేది ఒకే నెలల్లో. తెల్లవారుజామున అరగంట దొరికితే అదే అదృష్టం.

రెండో అడ్డంకి మనుషుల సంఖ్య. షిఫ్టులో ఒకరు సెలవు పెట్టినా మిగతావాళ్లపై పని పడుతుంది; అలాంటి చోట వ్యాయామం విలాసంగా కనిపిస్తుంది. అయినా స్టేషన్ ఫైర్ ఆఫీసర్ స్వయంగా మైదానంలోకి దిగితే సిబ్బందీ దిగుతారు. ఆయన రిజిస్టర్లకే పరిమితమైతే పీటీ కూడా రిజిస్టర్‌లోనే జరిగిపోతుంది. ఖరీదైన జిమ్ లేకపోయినా నష్టం లేదు. డ్రిల్ టవర్ మెట్లు, నిచ్చెన, చుట్టిన హోస్, కాస్త ఖాళీ జాగా చాలు.

జట్టు బలం ఎంతో చెప్పే ప్రయోగం అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు చేశారు. ‘ఫ్లేమ్’ అనే ఆ ఆరోగ్య కార్యక్రమంలో 599 మంది అగ్నిమాపక సిబ్బంది పాల్గొన్నారు. కొందరు తోటివారి నాయకత్వంలో జట్టుగా పాఠాలు నేర్చుకున్నారు, మరికొందరితో సలహాదారులు విడివిడిగా మాట్లాడారు. మిగిలినవారికి పరీక్షల ఫలితాలు మాత్రమే ఇచ్చారు. మొదటి రెండు పద్ధతుల్లోనూ పళ్లు, కూరగాయలు తినడం పెరిగింది, బరువు పెరగడం అదుపులోకి వచ్చింది. జట్టు పద్ధతిలో పని సహోద్యోగులే నడిపించుకోవచ్చు కాబట్టి చిన్న స్టేషన్‌కు అది తేలిక.

అడ్డంకుల్లో దెబ్బల భయం చివరిది, కానీ చిన్నది కాదు. స్టేషన్‌లో ఇష్టంగా ఆడే వాలీబాల్‌లోనే మోకాలు, చీలమండ బెణుకుతాయి. ఆ దెబ్బ డ్యూటీలో తగిలినట్టా, సొంత ఆటలో తగిలినట్టా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చకపోతే నలభై దాటినవాళ్లు గట్టు మీద కూర్చుని చూడటానికే ఇష్టపడతారు. వాళ్లకు వ్యాయామం మొదలుపెట్టించే ముందు రక్తపోటు, చక్కెర, ఈసీజీ పరీక్షలు చేయించి, మెల్లగా నడకతో మొదలుపెట్టాలి.