ఆన్‌లైన్ షాపింగ్: ఆఫర్ బాగుందని ఆర్డర్ పెట్టేస్తున్నారా? ముందు సైట్‌లో ఇవి చెక్ చేయండి!

పండగ సీజన్ వచ్చిందంటే చాలు.. ఫోన్ తెరిస్తే ఆఫర్లే ఆఫర్లు. సగం ధరకే చీర, మూడో వంతు ధరకే మిక్సీ అంటూ యాడ్స్ ఊరిస్తుంటాయి. కానీ రేటు ఒక్కటే చూసి కొంటే చిక్కుల్లో పడతారు. డబ్బు కట్టే ముందు ఐదు నిమిషాలు సైట్‌ను పరిశీలిస్తే చాలా విషయాలు తెలిసిపోతాయి.

అమ్మేది ఎవరు?: సైట్ అడుగు దాకా స్క్రోల్ చేయండి. కంపెనీ పేరు, అడ్రస్, కస్టమర్ కేర్ నంబర్, ఫిర్యాదుల అధికారి వివరాలు ఉన్నాయా? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇవి చూపించాల్సిందే. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఒక్క వాట్సాప్ నంబర్ ఇచ్చి ఊరుకుంటే అనుమానించాల్సిందే. ఆర్డర్‌కు ముందే కస్టమర్ కేర్‌కు ఓ కాల్ చేసి చూడండి. ఇప్పుడే ఎత్తనివాళ్లు డబ్బు కట్టాక ఎత్తుతారా?

తాళం గుర్తు సరిపోదు: అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంటే మన వివరాలు దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. షాపు నిజాయితీకి అది గ్యారంటీ కాదు. నకిలీ సైట్లకూ ఆ గుర్తు ఉంటుంది. సైట్ పేరులో స్పెల్లింగ్ జాగ్రత్తగా చూడండి.

అసలు రేటు ఎంత?: మొదట ఒక రేటు చూపించి, చివర్లో హ్యాండ్లింగ్, ప్యాకింగ్ ఛార్జీలు కలుపుతున్నారా? అడగకుండానే కార్ట్‌లో ఇన్సూరెన్స్ వేశారా? ‘ఇంకా 2 నిమిషాలే’ అంటూ ఉత్తుత్తి తొందర పెడుతున్నారా? ఇలాంటి 13 రకాల మాయలను కేంద్రం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్‌గా గుర్తించి నిషేధించింది.

రిటర్న్ రూల్స్: ఎన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలి? డబ్బు బ్యాంకు ఖాతాకు వస్తుందా, కూపన్ ఇచ్చి సరిపెడతారా? కొరియర్ ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ సూటిగా జవాబు లేకపోతే ఆలోచించుకోవాలి.

రివ్యూలు: ఐదు స్టార్లు కాదు, ముందు ఒకటి, రెండు స్టార్ల రివ్యూలు చదవండి. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రీఫండ్ రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అది మోసమే. ఆర్డర్ పేజీ, బిల్లు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. షాపు పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కు కాల్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.